పొలం దారి, చెరువు దారి, శ్మశానం దారి: చూసుకునేదెవరు?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలు చేసిన ప్రసంగం)



పొద్దుటినుంచి పొదుపులు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి బకాయిలు అన్నీ విన్నారు. నన్ను దారుల గురించి మాట్లాడమన్నారు. ఆ మాట మా ఊళ్లో చెబితే ఒకామె, "రోడ్లు సర్పంచి గారు సూసుకుంటారు గదా, సంఘానికేటి పని?" అంది. నేను చెప్పేది తారు రోడ్డు గురించి కాదప్పా. ఆటో పోని దారి గురించి. చేలోకి పోయే గట్టు, చెరువులోకి దిగే బాట, గెడ్డ దాటే చోటు, శవాన్ని మోసుకెళ్లే దారి. గోదావరి వైపు పుంత అంటారట, గుంటూరు వైపు డొంక అంటారట, మనం గోర్జి అంటాం. పేరేదైనా, పొద్దున్న లేచి వాటి మీద ఎక్కువగా నడిచేది ఎవరు? మగవాళ్లకి బండి ఉంది, రోడ్డు చుట్టూ తిరిగి పోతారు. నెత్తిమీద మోపు పెట్టుకుని అడ్డదారిన వచ్చేది మనమే.

సంఘానికేం పనో ఒక లెక్క చెబుతాను. మా గ్రూపులో ఒక చెల్లి అప్పు తీసుకుని గేదెని కొంది. గడ్డి కోసే గట్టు ఇంటికి అర కిలోమీటరు. ఆ దారికి ఒక రైతు ముళ్ల కంచె వేశాడు. రోడ్డు చుట్టూ తిరిగితే రెండున్నర కిలోమీటర్లు. రోజుకి రెండు మోపులు. పోనూ రానూ కలిపితే రెండు కిలోమీటర్ల నడక పది కిలోమీటర్లయింది. నెల తిరిగేసరికి ఆ చెల్లి ఒక మోపే తేవడం మొదలెట్టింది. పాలు తగ్గాయి. వాయిదా తగ్గలేదు. మన వీఓ పుస్తకంలో ఆమె పేరు పక్కన 'బకాయి' అని రాశాం గానీ, 'దారి లేదు' అని రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.

ఇప్పుడు మా ఊరి సంగతి చెబుతాను. ఊరి పేరు చెప్పను, నా పక్కన కూర్చున్నవాళ్లకి తెలుసు.

మా వీధి చివర నుంచి చెరువు గట్టు కింద మీదుగా శ్మశానానికి ఒక దారి ఉంది. నేను కోడలిగా వచ్చినప్పుడు దాని మీద ఎడ్లబండి పోయేది. ఎవరూ ఒక్క రోజులో ఆక్రమించలేదు. ఏడాదికొక చాలు లోపలికి దున్నారు. నాగలి రోజుల్లో ఆ చాలు జానెడు ఉండేది, ట్రాక్టరు వచ్చాక మూల తిరగడానికి మూరెడు పోయింది. ఏ ఏడాదికి ఆ ఏడాది ఎవరికీ కనబడలేదు. మూడేళ్ల కిందట శ్రావణంలో మా ఊళ్లో ఒక పెద్దమ్మ పోయింది. 2000 సంవత్సరంలో వెలుగు పథకం మన శ్రీకాకుళం, విజయనగరంతో కలిపి ఆరు జిల్లాల్లో మొదలైనప్పుడు మా ఊళ్లో మొదటి సంఘం పెట్టిన మనిషి ఆమె. ఆమె పాడె ఎత్తి నలుగురు బయలుదేరారు. ముందు ఇద్దరూ, వెనక ఇద్దరూ పక్కపక్కన నడవడానికి దారి చాల్లేదు. ఒక పక్క ముళ్ల తీగ, ఇంకో పక్క ఊడ్చిన మడి. మడిలోకి దిగారు. మోకాలిలోతు బురద. వెనకవాడి కాలు జారింది. పాడె ఒరిగింది. పడలేదు, పట్టుకున్నారు. కానీ ఆ మనిషిని మేం అలా సాగనంపాం.

పదకొండో రోజు కర్మ అయ్యాక వీఓ సమావేశంలో ఈ విషయం వచ్చింది. కొందరు కంచె పీకేద్దాం అన్నారు. పీకితే పోలీసు కేసు అవుతుంది, దారి మాత్రం రాదు. ముందు దారి ఎక్కడుందో కాగితం చూద్దామని తీర్మానం రాసుకున్నాం. అదే మేం చేసిన మంచి పని అనుకుంటాను.

కాగితం అంటే రెండు. ఒకటి గ్రామ పటం, ఊరు మొత్తానిది. అందులో బండి దారి జంట గీతలుగా ఉంటుంది, కాలిబాట చుక్కల గీతగా ఉంటుంది. రెండోది ఎఫ్ఎంబీ, సర్వే నంబరుకి ఒక బొమ్మ. దాన్లో కొలతలు పాతవైతే లింకుల్లో ఉంటాయి. పది లింకులంటే ఆరున్నర అడుగుల పైన. రుసుము కట్టి నకలు తీసుకున్నాం. మన రెండు జిల్లాల్లో చాలా ఊళ్లు విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీల కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే చాలాచోట్ల సర్వే, సెటిల్‌మెంటు జరిగాయి. ఆ రోజుల్లో గొలుసు పట్టుకుని తిరిగినవాళ్లు ఊరి పెద్ద మనిషిని అడిగి రాసుకుని ఉంటారు. గడ్డి మోపు ఎత్తుకునే మనిషిని అడిగి ఉంటారని నేననుకోను. అందుకే మన దారులు కొన్ని పటంలో ఉంటాయి, కొన్ని ఉండవు. మా శ్మశానం దారి ఉంది. పదిహేను లింకులు, అంటే రమారమి పది అడుగులు.

సర్వేయరు వచ్చిన రోజు పద్నాలుగు మంది ఆడవాళ్లం వెళ్లాం. ముసలమ్మలు ముందు నడిచారు. "ఇక్కడ ఈతచెట్టుండేది, దాని కింద మోపు దించేవోళ్లం" అని చూపించారు. గొలుసు వేశారు. మిగిలిన దారి మూడడుగులే. కంచె వేసిన రైతు వైపు నాలుగడుగులు పోయింది. మరి మిగతా మూడు? ఇటువైపు చేను ఎవరిదో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మాదే. మా ఆయన సర్వేయరు వంక చూడలేదు, నా వంక చూశాడు.

ఆ రాత్రి మా ఇంట్లో వంట చేశాను గానీ ఎవరం సరిగ్గా తినలేదు. "ఊరంతా ముందరేసుకుని తీసుకొచ్చి మన సేనే కొలిపించావా" అన్నాడు. అది మా మావగారి కాలంనుంచి జరిగిందే, ఆయన చేసిందీ కాదు, నేను చేసిందీ కాదు. కానీ అందులో వరి పండించుకున్నది మేమే. రెండో రోజు పొద్దున్న గునపం తీసుకుని గట్టు నేనే తవ్వడం మొదలెట్టాను. కాసేపటికి ఆయనా వచ్చాడు. మాట్లాడలేదు, గట్టు మాత్రం వెనక్కి వేశాడు.

ఆ తర్వాతే కంచె రైతుతో మాట్లాడే నోరు మాకొచ్చింది. నెలన్నర పట్టింది. స్తంభాలు వెనక్కి జరిపాడు. ఒక మూల నాలుగు టేకు చెట్లున్నాయి, అవి జరగలేదు. అక్కడ దారి ఇప్పటికీ సన్నగానే ఉంది. "ఎదిగాక కొట్టేస్తాను" అన్నాడు. టేకు ఎప్పుడు ఎదుగుతుందో మీకు తెలుసు.

అతను ఒప్పుకోకపోతే ఏం చేసేవాళ్లమని అడుగుతారు. ప్రజలు నడిచే రోడ్లు, వీధులు, సందులు, బాటలు ప్రభుత్వ ఆస్తి అని 1905 నాటి భూ ఆక్రమణ చట్టంలోనే ఉంది. తహసీల్దారు నోటీసు ఇచ్చి ఆక్రమణ తీయించవచ్చు. హైవేలు, జిల్లా పరిషత్, మండల పరిషత్ రోడ్లు కాక ఊళ్లో మిగిలిన ప్రజా దారులు పంచాయతీకి చెందుతాయని 1994 పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. కాబట్టి అర్జీ ఒకటి పంచాయతీకి, ఒకటి తహసీల్దారుకి. సోమవారం గ్రీవెన్సులో ఇస్తే రసీదు అడిగి తీసుకోండి. నోటితో చెప్పిన మాట ఆఫీసు మెట్లు దిగేసరికి ఉండదు. ఎఫ్ఎంబీ నకలు, సంఘం తీర్మానం జత చేయండి. 'దారి మూసేశారు' అని మాత్రమే రాస్తే లాభం లేదు. ఏ సర్వే నంబరు పక్కన, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎన్ని లింకులు అని రాయండి.

ఇది పోరంబోకు దారి సంగతి. పక్కవాళ్ల పట్టా చేను మీదుగా మన చేలోకి పోయే దారి వేరు. అక్కడ 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం పనిచేస్తుంది. ఇరవై ఏళ్లు ఎవరినీ బతిమాలకుండా, దాచకుండా, ఆటంకం లేకుండా హక్కుగా నడిచి ఉంటే ఆ దారి మీద హక్కు వస్తుంది. "వాళ్ల దయవల్ల నడుస్తున్నాం" అని మనమే అంటే అది హక్కు కాదు, అనుమతి. ఇంకో మెలిక ఉంది. అడ్డుకట్ట వేశారని తెలిసీ ఏడాదిపాటు ఊరుకుంటే ఒప్పుకున్నట్టు లెక్క. ఆ ఇరవై ఏళ్లు కూడా దావా వేసే రోజుకి వెనక రెండేళ్లలోపు ముగిసినవై ఉండాలి. ఈ ముక్క మాకు ఆలస్యంగా తెలిసింది. మా సంఘంలో ముగ్గురి చేలకి ఒక సరుగుడు తోటలోంచి దారి ఉండేది. తోట చేతులు మారింది, కొత్తాయన గేటు పెట్టాడు. పెద్దాయన కదా అని ఊరుకున్నాం. రెండేళ్లు దాటాక వకీలు దగ్గరికి వెళితే ఆయన ముందు తేదీలు అడిగాడు. తేదీలు విన్నాక కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆ ముగ్గురు ఇప్పుడు కాలవ దాటి పోతున్నారు. వానాకాలంలో పోవడం లేదు. మా వీఓలో ఎవరి దారి మూసినా నెల తిరక్కుండా కాగితం మీద అభ్యంతరం పెట్టాలని అప్పటినుంచి రాసుకున్నాం.

రీసర్వే గురించి కూడా ఒక మాట. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే మీ ఊరికి వచ్చి ఉంటుంది, లేదా వస్తుంది. పొలం ఉన్న ప్రతివాడూ ఆ రోజు తన గట్టు మీద నిలబడతాడు. దారి తరఫున నిలబడేవాళ్లుండరు. గ్రామ సంఘం నుంచి ఇద్దరైనా వెళ్లి నిలబడండి. కొత్త పటంలో ఎక్కకపోతే మన మనవరాళ్లు ఏ కాగితం చూపించి అడుగుతారు?

సరే, దారి దొరికింది. దొరికిన దారిని ఉంచుకోవడం ఇంకో పని, చెప్పాలంటే అదే పెద్ద పని. మాకు దారి వచ్చిన ఏడాదే సగం పోయింది. ఈసారి ఏ రైతూ తినలేదు, నీరు తినేసింది. చెరువు మదుం నుంచి వచ్చే పిల్లకాలవ దారికి అడ్డంగా పోతుంది. తూము లేదు. నీళ్లు దారి మీదే నిలిచి, పశువులు తొక్కి, బురదగుంట అయింది. మనుషులు గుంట పక్కనుంచి నడిచి పక్క చేను గట్టు తొక్కారు. ఆ రైతు మళ్లీ తగువుకొచ్చాడు. అతని తప్పు లేదు. దారి బాగుంటే మనిషి దారిమీదే నడుస్తాడు, బాగోకపోతే పక్కవాడి పంట మీద నడుస్తాడు. సగం తగువులు ఇలాగే పుడతాయి.

మేం నేర్చుకున్నది చెబుతాను, ఇంజినీరు మాటలు కావు. దారి మధ్య కొంచెం ఎత్తుగా, పక్కలకి వాలుగా ఉండాలి. పక్కన పారంత వెడల్పు కాలవ చాలు, కానీ అది ఎక్కడికో ఒకచోటికి పారాలి. ఎక్కడికీ పారని కాలవ గొయ్యి అవుతుంది. పిల్లకాలవ అడ్డం వచ్చిన చోట సిమెంటు పైపు వేసి మీద మట్టి కప్పితే బాగు. అంతవరకూ తాటి దుంగలు రెండు పక్కపక్కన వేయండి. ఒక్కటి వేయకండి, నెత్తిమీద మోపుతో ఒక్క దుంగ మీద నడవమనడం సర్కసు. చెరువు గట్టు ఎక్కే చోట రాళ్లు మెట్లుగా పాతుకోవాలి. గడ్డిని వేర్లతో చెక్కేయకండి, పైన కోయండి, ఆ వేరే మట్టిని పట్టుకుంటుంది. తుమ్మ మొక్కని మాత్రం వేరుతో తీయండి, వదిలితే రెండో ఏటికి దారి దానిదే. వయ్యారిభామ పూత రాకముందే పీకేయాలి, చేతికి తొడుగు వేసుకోండి, దురద పెడుతుంది. వానలకి ముందు ఒకసారి, కోతలప్పుడు ఒకసారి తుప్పలు కొట్టాలి. తెల్లవారకుండా నడిచేది మనం, పాము ఉండేది తుప్పలోనే.

దీనికి డబ్బెక్కడిది? మట్టిదారి వేయడం ఉపాధి హామీలో పెట్టించుకోవచ్చు. 2024 ఆగస్టు 23న మన రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి, పనులు అడగమన్నారు. మా ఊళ్లో మగవాళ్లు సీసీ రోడ్డు అడిగారు. మేం పదిమందిమి లేచి శ్మశానం దారి, పైపు అడిగాం. నవ్వినవాళ్లున్నారు. రాసుకున్నారు. కానీ ఇందులో ఒక చిక్కుంది, అది తెలిసి అడగండి. గడ్డి తీయడం, రాళ్లేరడం లాంటి కొలతకందని, మళ్లీ మళ్లీ చేసే పనులు ఉపాధి హామీలో పెట్టకూడదని ఆ చట్టంలోనే ఉంది. అంటే దారి వేయడానికి డబ్బుంది, వేసిన దారిని చూసుకోవడానికి లేదు. ఇల్లు కట్టినవాడికి కూలి ఇచ్చి, రోజూ ఊడ్చేదానికి ఇవ్వనట్టు. మన ఇళ్లలో ఊడ్చేది ఎవరో చెప్పక్కర్లేదు. ఇది న్యాయమా అంటే నేను కాదనే అంటాను. పంచాయతీ సాధారణ నిధి నుంచి ఏడాదికి కొంత దారులకి తీయమని మనం అడగాలి, వదలకూడదు. కానీ వాళ్లు ఇచ్చేదాకా తుప్ప ఆగదు.

తుపాను రోజుల్లో చూశాం కదా. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస ఎక్కడివక్కడ అడ్డంగా పడ్డాయి. పెద్ద రోడ్డు మీద పడిన చెట్లకి యంత్రాలు వచ్చాయి. తోటల్లో ఇళ్లకి పోయే దారుల్లో గొడ్డలి పట్టుకున్నది ఆ ఇళ్లవాళ్లే.

కొండ మీద అక్కచెల్లెళ్ల సంగతి చెప్పకపోతే ఈ మాటంతా పల్లపు ఊళ్ల మాటే అవుతుంది. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం వేరే జిల్లా అయింది గానీ వాళ్లు మనవాళ్లే. సవర, జాతాపు గూడేల్లో నొప్పులొచ్చిన మనిషిని డోలీలో మోసుకొస్తారు. ఒక వెదురు గెడ, దానికి దుప్పటి. 108 బండి కింద రోడ్డు మీద ఆగుతుంది, అక్కడిదాకా ఆమె ప్రాణం ఆ కాలిబాట మీద ఆధారపడి ఉంటుంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరులో వచ్చినప్పుడు మైదానంలో 500 జనాభా, గిరిజన ప్రాంతంలో 250 ఉన్న ఊళ్లకి రోడ్డు అని లెక్క పెట్టారు. ముప్పై గడపల గూడెం ఆ లెక్కలో లేదు. సాలూరు మండలం కొదమ పంచాయతీలో గిరిజనులు చూసీ చూసీ 2020లో తమలో తామే చందాలు వేసుకుని కొండ తవ్వి రోడ్డు వేసుకున్నారు. పేపర్లన్నీ మెచ్చుకున్నాయి. నేనూ మెచ్చుకున్నాను. కానీ ఆ చందా డబ్బు ఎవరి పుట్టెలో తిండి గింజలో అని కూడా అనుకున్నాను. మెచ్చుకోవడం వేరు, వాళ్ల మీద వదిలేయడం వేరు. రోడ్డు వచ్చేదాకా అక్కడ బాట తుప్ప కొట్టి, జారే చోట మెట్టు కొట్టి ఉంచడం ప్రాణం సంగతి. కొండ మీది వీఓలు ఏ బాట మీద డోలీ ఎక్కువగా దిగుతుందో రాసి ఇస్తే, సమాఖ్య దాన్నే ముందు పెట్టి ఐటీడీఏకి తీసుకెళ్లాలి.

ఇంగ్లండులో కాలిబాటలకి చట్టం ఉందని మొన్న శిక్షణలో విన్నాను. 1949 చట్టం ప్రకారం అక్కడి కౌంటీ కౌన్సిళ్లు, అంటే మన జిల్లా పరిషత్తు లాంటివి, ప్రజలు నడిచే ప్రతి బాటనీ ఒక పటంలో ఎక్కించాలి. పటంలో ఎక్కితే అదే సాక్ష్యం, ఇంక వాదన లేదు. ఇంగ్లండు, వేల్సు కలిపి అలాంటి దారులు సుమారు 2 లక్షల 25 వేల కిలోమీటర్లట. రైతు తన చేను మధ్యలోంచి పోయే బాటని దున్నుకోవచ్చు, కానీ విత్తనానికి దున్నితే పద్నాలుగు రోజుల్లో తిరిగి నడిచేలా చేయాలి, మీటరు వెడల్పు తగ్గకూడదు. ఇది నాకు నచ్చింది. రైతుని దొంగ అనలేదు, గడువు పెట్టారు. అక్కడా తుప్పలు పెరుగుతాయి, అక్కడా డబ్బు చాలదట. ఊరివాళ్లే ఏడాదికోసారి నడిచి, ఎక్కడ గేటు విరిగిందో ఎక్కడ ముళ్లొచ్చాయో రాసి కౌన్సిలుకి పంపుతారు. మనకీ పటం ఉంది. మనం దాన్ని పట్టుకుని నడవలేదు, అంతే తేడా.

మా వీఓలో ఇప్పుడు దారుల పుస్తకం పెట్టాం. పంచసూత్రాల్లో పుస్తకాలు రాయడం ఒకటి కదా, ఇంకో పుస్తకం మనకి బరువు కాదు. దారికి ఒక పేజీ. ఎక్కడినుంచి ఎక్కడికి, పటంలో ఉందా, వెడల్పెంత, ఎవరెవరు నడుస్తారు, ఎక్కడ నీళ్లు నిలుస్తాయి, తుప్ప కొట్టిన తేదీ. ప్రతి దారికీ దాని పక్క గ్రూపు ఒకటి పూచీ. సంక్రాంతి అయిన తర్వాతి ఆదివారం అందరం కలిసి నడుస్తాం, ముసలమ్మ ఒకరు, చదువుకున్న పిల్ల ఒకరు తప్పకుండా ఉండాలి. ముసలమ్మకి దారి తెలుసు, పిల్లకి ఫోనులో గీత పెట్టడం తెలుసు. మొదటి ఏడు నలభై మంది వచ్చారు. రెండో ఏడు పదిహేడు. అదీ దాచకుండా చెబుతున్నాను. తగ్గడానికి కారణం బద్ధకం కాదు, ఆ ఆదివారం జీడితోటలో కూలి ఉంది. ఈ ఏడు తేదీ మార్చాం.

సమాఖ్యని నేను అడిగేది ఒకటే. నెలవారీ ఎజెండాలో అప్పుల తర్వాత 'దారులు' అని ఒక వరస పెట్టించండి. వచ్చే నెల సమావేశానికి ప్రతి వీఓ తన గ్రామ పటం నకలు తెచ్చుకోవాలి. నకలు రుసుము వీఓ ఖర్చులో రాసుకోవచ్చని ఏపీఎం గారు ఇందాకే ఒప్పుకున్నారు, మైకులో చెబుతున్నాను కాబట్టి ఇంక కాదనలేరు. పటం చదవడం రానివాళ్లు మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక బల్ల దగ్గరికి రండి, మాది తెచ్చాను. మా చేను ఎక్కడుందో, మేం ఎంత తిన్నామో కూడా అందులో చూపిస్తాను.